నష్టం ఎవరి నెత్తిన పడింది? వర్తకం సమాజాలను మార్చిన తీరు

చెన్నైలో తెలుగువాళ్లం నలుగురం చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953 నాటి మాట వస్తుంది. మద్రాసు మనకు దక్కాల్సిందా కాదా అని వాదన మొదలవుతుంది. పెద్దవాళ్లు ఆవేశపడతారు, పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. అసలు తెలుగువాళ్లు ఈ ఊరికి ఇంతమంది ఎందుకొచ్చారన్న ప్రశ్న మాత్రం ఆ వాదనలో రాదు. నాయకరాజుల కాలంలో వచ్చారని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నిజానికి పాత మద్రాసుకు వచ్చిన తెలుగువాళ్లలో చాలామందిని తెచ్చింది బట్టల బేరం. నేసేవాళ్లు, అద్దేవాళ్లు, ఉతికేవాళ్లు, కొని అమ్మేవాళ్లు, ఆ అమ్మకంలో రెండు పక్షాలకూ మాట కలిపే దుబాషీలు. ఊరు పుట్టిందే ఆ బేరం కోసం.

బడిలో చదువుకున్న చరిత్రలో వర్తకం అంటే సరుకుల జాబితా. మిరియాలు, ముత్యాలు, సన్నబట్టలు ఇక్కడి నుంచి వెళ్లాయి. బంగారం, గుర్రాలు, పగడాలు అక్కడి నుంచి వచ్చాయి. పరీక్షకు అది చాలు. ఆ సరుకులు అటూ ఇటూ కదిలినందువల్ల మనుషుల బతుకులు ఎందుకు మారాయో మాత్రం ఆ జాబితా చెప్పదు. అది తెలియాలంటే సరుకును కాసేపు పక్కన పెట్టి, బేరంలో ఉన్న చిక్కును చూడాలి.

ఊరి సంతలో బేరం తేలిక. వంకాయలు ఇచ్చాను, డబ్బు పుచ్చుకున్నాను, అయిపోయింది. దూరపు బేరం అలా కాదు. నా సరుకు ఇవాళ ఓడ ఎక్కుతుంది, డబ్బు చేతికొచ్చేది ఏడాది తర్వాత. ఈలోగా ఓడ మునగొచ్చు, దొంగలు దోచుకోవచ్చు, అవతలి రాజు సరుకు లాక్కోవచ్చు, అవతలి వర్తకుడు నాకేమీ అందలేదనొచ్చు. అతను నా చుట్టం కాదు, నా ఊరివాడు కాదు, నా భాష రాదు. అతణ్ణి ఎందుకు నమ్మాలి? నష్టం వస్తే ఎవరు మోయాలి? దూరపు వర్తకం చేసిన ప్రతి సమాజమూ ఈ రెండు ప్రశ్నలకు ఏదో ఒక జవాబు వెతుక్కుంది. ఆ వెతుకులాటలోనే ఎన్నో చోట్ల పెళ్లి సంబంధాలు, వీధులు, గుళ్లు, కోర్టులు, కంపెనీలు రూపు దిద్దుకున్నాయి. రెండో ప్రశ్నకు దొరికిన జవాబు అయితే ఎవరు పైకి వస్తారో, ఎవరు అణగిపోతారో తేల్చింది.

అన్నిటికంటే పాత జవాబు ఇంటివాళ్లనే నమ్మడం. ఇప్పటి టర్కీలో కైసేరి నగరం దగ్గర కుల్‌తెపె అనే పాటిదిబ్బ ఉంది. నాలుగు వేల ఏళ్ల కింద దాని పేరు కనేష్. అక్కడ 20 వేలకు పైగా మట్టి పలకలు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం వర్తకుల ఉత్తరాలు, అప్పు పత్రాలు, పద్దులు. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న అస్సూరు నగరం నుంచి గాడిదల మీద తగరం, ఉన్నిబట్టలు వేసుకుని దాదాపు 1,000 కిలోమీటర్లు నడిచి అక్కడికి చేరేవారు. వెండి, బంగారం తీసుకుని తిరిగొచ్చేవారు. ఆ బట్టలు నేసేది, నేయించేది అస్సూరులోని ఇంటి ఆడవాళ్లు. లమస్సి అనే ఆమె కనేష్‌లో ఉన్న భర్త పూషుకేన్‌కు రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. బట్టల సంగతి, తనకు రావాల్సిన వెండి సంగతి రాస్తూ మధ్యలో ఒక మాట అడిగింది: నువ్వు వెళ్లాక ఫలానాయన ఇంటిని రెండింతలు చేసి కట్టుకున్నాడు, మనం ఎప్పుడు కట్టుకుంటాం? ఆ సంపాదనలో ఆమె చెయ్యి ఉంది కాబట్టే ఆమెకు అలా నిలదీసే మాట ఉంది. అదే వర్తకం వల్ల కనేష్‌లో ఏళ్లతరబడి ఉండిపోయిన మగవాళ్లు అక్కడ ఇంకో పెళ్లి చేసుకోవడం కూడా మామూలైంది. అస్సూరులో ఒక భార్య, కనేష్‌లో ఒక భార్య, ఇద్దరికీ ఒకేచోట ఒకే హోదా ఉండకూడదని ఒప్పందాల్లో రాసుకున్నారు. దూరపు బేరం ముందుగా మార్చింది ఇంటినే. గల్ఫ్‌కు మనిషిని పంపి ఫోన్ కోసం ఎదురుచూసే మన కుటుంబాలకు ఆ ఉత్తరాలు కొత్తగా అనిపించవు.

చుట్టరికం ఒక మేరకే పనికొస్తుంది. సముద్రం దాటే ఓడను నింపాలంటే ఒక కుటుంబం డబ్బు చాలదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టు వైపు నుంచి వచ్చిన ఒక గ్రీకు వర్తకుడు మన తీరాల రేవుల వివరాలు రాసిపెట్టాడు. అందులో మసాలియా అనే చోటు ఉంది. అది మన కృష్ణా తీరం. అక్కడ నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. పడమటి తీరంలో ముజిరిస్ రేవు నుంచి వెళ్లిన సరుకు గురించి 2వ శతాబ్దపు పపైరస్ పత్రం ఒకటి దొరికింది. అది ఒక అప్పు ఒప్పందం. సరుకు తెచ్చేవాడు అప్పు తీర్చకపోతే తాకట్టు పెట్టిన సరుకును అప్పిచ్చినవాడు తీసుకోవచ్చు. వెనకవైపు హెర్మపొల్లోన్ అనే ఓడలో వచ్చిన జటామాంసి, దంతాలు, బట్టల విలువ లెక్కగట్టి ఉంది. రోమ్ ప్రభుత్వం ఇలాంటి దిగుమతి మీద నాలుగో వంతు సుంకం వసూలు చేసేది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే బేరం మీద వచ్చిన సుంకం రోమ్ ఖజానాకు చేరేదని కూడా చెప్పుకుంటేనే లెక్క సరిగ్గా ఉంటుంది. వర్తకంలో ఒక దేశం బాగుపడింది, ఇంకో దేశం చెడింది అని చెప్పడం చాలాసార్లు తప్పు. ప్రతి దేశంలోనూ కొందరు బాగుపడతారు, కొందరు మోస్తారు.

ఇటువైపు కృష్ణా లోయలో జరిగింది నన్ను ఇంకా ఎక్కువ ఆకర్షిస్తుంది. వర్తక దారుల వెంట బౌద్ధ ఆరామాలు లేచాయి. సముద్ర ప్రయాణాన్నీ వడ్డీ వ్యాపారాన్నీ ధర్మశాస్త్రాలు అనుమానంగా చూసిన కాలంలో బౌద్ధం వర్తకులను దగ్గరకు తీసుకుంది. దారిలో దిగడానికి చోటు, పరాయి ఊళ్లో తెలిసిన మొహం, ఒకే ధర్మాన్ని నమ్మినవాళ్ల మీద కొంత భరోసా. అమరావతి స్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. వాళ్లలో వర్తకులు ఉన్నారు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఉన్నారు, విధికుడు అనే తోలుపనివాడు కూడా ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన పలక అతని దానం. పుట్టుకతో కాకుండా సంపాదనతో పేరు రాతికెక్కే అవకాశం ఒక తోలుపనివాడికి దొరికింది. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన 3వ శతాబ్దపు శాసనంలో కంటకసేల పేరు ఉంది. అది ఇప్పటి ఘంటసాల, ఆనాటి రేవు. అమరావతి శిల్పాలు చూడాలంటే చెన్నైవాళ్లం లండన్ వెళ్లక్కర్లేదు, ఎగ్మోర్ మ్యూజియంలోనే బోలెడు ఉన్నాయి. తెలుగు పిల్లలను అక్కడికి తీసుకెళ్లే తల్లిదండ్రులు, ఆ దానాలు చేసినవాళ్లు ఏ పనులు చేసి బతికారో కూడా చెబితే బాగుంటుంది.

ఆ తర్వాతి జవాబు వర్తక సంఘాలది. అయ్యవోలు ఐదువందలవారు అనే సంఘం శాసనాలు కన్నడ, తెలుగు, తమిళ దేశాలన్నిటా కనిపిస్తాయి. సుమత్రా దీవిలో బారుస్ దగ్గర 1088 నాటి వాళ్ల తమిళ శాసనం ఉంది. వాళ్లకు సొంత కట్టుబాట్లు, సొంత కాపలా బలగాలు, సరుకు దాచే రక్షిత పట్టణాలు ఉండేవి. సభ్యుడు మోసం చేస్తే సంఘం చూసుకుంటుంది, బయటివాడు దోచుకుంటే సంఘం బలగం చూసుకుంటుంది. మరి రాజే దోచుకుంటే?

ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లిలో రాతి మీద ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకు, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజు సొత్తని అంతకుముందు రాజులు లాక్కునేవారు. 1244లో కాకతి గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి అభయ శాసనం వేయించాడు. ప్రాణాల కంటే ధనం ప్రియమైనదనీ, దాన్ని నమ్ముకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇలా చేస్తున్నాననీ అందులో ఉంది. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము. ఎగుమతులు, దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, వక్కలు ఒక్కొక్కదానికీ లెక్క చెక్కించాడు.

దీన్ని మన పుస్తకాలు గణపతిదేవుడి ఔదార్యంగా చెబుతాయి. ఔదార్యం ఉండొచ్చు. అంతకంటే పెద్ద సంగతి, రాజు తన చేతులు తానే కట్టేసుకున్నాడు. ఒక్క ఓడను దోచుకుంటే ఒక్కసారి లాభం. ఏ ఓడనూ దోచుకోనని అందరికీ తెలిసేలా రాతి మీద చెక్కిస్తే వంద ఓడలు వస్తాయి. తుఫాను నష్టం వర్తకుడే మోస్తాడు సరే, దాని మీద రాజు దోపిడీ నష్టం కూడా ఉండదు. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ముత్ఫిలి అని పిలిచాడు. ఒక రాణి న్యాయంగా ఏలుతోందని రాశాడు. అక్కడి బట్ట సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. రుద్రమదేవి కాలానికి తండ్రి మాట ఫలించిందన్నమాట. రాజ్యం ఇచ్చిన మాట నిలబడితే రైతుకు పత్తి పండించే కారణం దొరుకుతుంది, సాలెకు మగ్గం మీద కూర్చునే కారణం దొరుకుతుంది. మార్కెట్ అంటే ప్రభుత్వం పక్కకు తప్పుకోవడమే అనేవాళ్లు ఒకసారి ఆ శాసనం చదవాలి. అక్కడ ప్రభుత్వం తప్పుకోలేదు, పూచీ పడింది.

మతం, ఉత్తరాలు కలిసి చేసిన పని గురించి కూడా చెప్పాలి. కైరోలో ఒక యూదు ప్రార్థనాలయం అటక గదిలో వేల పాత కాగితాలు బయటపడ్డాయి. వాటిలో 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండిన అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడి ఉత్తరాలున్నాయి. ట్యునీషియాలో పుట్టినవాడు, మంగళూరులో కంచు పని చేయించాడు, ఆషు అనే మలబారు స్త్రీని దాస్యం నుంచి విడిపించి పెళ్లాడాడు, ఏడెన్‌లో ఉన్న మద్మూన్ అనే వర్తకుడితో ఉత్తరాల మీద వ్యాపారం నడిపాడు. హిందూ మహాసముద్రంలో శతాబ్దాల పాటు యూదులు, అరబ్బులు, గుజరాతీలు, తమిళులు, తెలుగువాళ్లు ఇలా పేరు మీద, మాట మీద బతికారు. యుద్ధాలు లేవని కాదు. వర్తకమంతా ఒక్కడి తుపాకీ కిందకు మాత్రం రాలేదు.

పోర్చుగీసువాళ్లు వచ్చాక అది మారింది. తమ దగ్గర అనుమతి పత్రం కొనని ఓడను పట్టుకుంటామన్నారు. వాళ్ల వెనక డచ్చివాళ్లు ఇంకా కొత్త ఏర్పాటుతో వచ్చారు. 1602లో మొదలైన డచ్చి ఈస్టిండియా కంపెనీలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని పనిమనిషి కూడా వాటా కొనొచ్చు. ఓడ మునిగితే పోయేది పెట్టిన వాటా వరకే. వాటా వద్దనుకుంటే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అపరిచితులు వేలమంది నష్టాన్ని పంచుకునే ఈ పద్ధతి మనిషి కనిపెట్టిన గొప్ప ఏర్పాట్లలో ఒకటి, అందులో సందేహం లేదు. కానీ ఆ కంపెనీకి కోటలు కట్టే, సైన్యం ఉంచే, యుద్ధం చేసే అధికారం కూడా ఇచ్చారు. అక్కడే అసలు తేడా వచ్చింది. వాటాదారుల నష్టానికి హద్దు ఉంది. అవతలివాళ్ల నష్టానికి హద్దు లేదు.

ఆ హద్దు లేనితనం ఎలా ఉంటుందో బందా దీవులవాళ్లు చూశారు. ఇప్పటి ఇండోనేషియాలోని ఆ చిన్న దీవుల్లోనే అప్పట్లో జాజికాయ పండేది. తమకే అమ్మాలన్న డచ్చి షరతుకు అక్కడివాళ్లు లొంగలేదు. 1621లో కంపెనీ అధిపతి యాన్ పీటర్‌సోన్ కూన్ సైన్యంతో దిగాడు. సుమారు 15,000 ఉండేదని అంచనా వేసిన జనాభాలో వెయ్యిమంది దాకా మిగిలారు. మిగతావాళ్లు చంపబడ్డారు, ఆకలితో పోయారు, పారిపోయారు, బానిసలయ్యారు. తోటలను డచ్చివాళ్లకు పంచి, బానిసలతో పని చేయించారు. ఇదంతా మనకు దూరం అనుకోవద్దు. ఆ సుగంధ ద్రవ్యాల దీవుల్లో వెండి కంటే బాగా చెల్లేది మన తీరం బట్ట. ఆ బట్ట కొనడానికే డచ్చివాళ్లు చెన్నైకి ఉత్తరాన పులికాట్‌లో కోట కట్టారు. కరువు వచ్చిన ఏళ్లలో అదే తీరం నుంచి, తిండి లేక అమ్ముడుపోయిన మనుషులను బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఓడల్లో తీసుకెళ్లారు. పులికాట్ సరస్సుకు పక్షులను చూడటానికి వెళ్లే చెన్నైవాళ్లలో చాలామంది ఆ డచ్చి సమాధులను కూడా చూస్తారు. ఆ రేవు నుంచి బట్టలతో పాటు మనుషులూ ఓడ ఎక్కారన్న సంగతి అక్కడి గైడ్లు చెప్పాలని నా కోరిక.

ఇక మద్రాసు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. అక్కడి అధికారుల వసూళ్లు, డచ్చివాళ్ల పోటీ పడలేక తీరం వెంట కిందికి జరుగుతూ వచ్చింది. నెల్లూరు తీరంలో దుగరాజపట్నంలో కొన్నాళ్లు ఉంది. చివరికి 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇసుక తీరం ముక్క ఒకటి సంపాదించింది. అది రేవే కాదు. ఓడ దూరంగా సముద్రంలో ఆగాలి. మేకులు లేకుండా తాడుతో కుట్టిన మసూలా పడవల్లో అలలు దాటుకుంటూ సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చాలి. అలాంటి చోటును కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఎందుకు ఎంచుకున్నాడంటే, ఇక్కడ బట్ట మిగతాచోట్ల కంటే 20 శాతం చవకని లెక్క వేశాడు.

చవక బట్ట దానంతట అది రాలేదు. బేరి తిమ్మన్న వంటి దుబాషీలు, వర్తకులు లోపలి ఊళ్ల నుంచి నేతగాళ్లను, అద్దకంవాళ్లను, చాకలివాళ్లను రప్పించారు. ఊరు చూస్తుండగానే పెరిగింది. ఆ పెరుగుదల వీధుల్లో ఇప్పటికీ చదవొచ్చు. గోల్కొండ రాజ్యం నుంచి, అంటే మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల నుంచి వచ్చే వజ్రాలను కొనడానికి లండన్ యూదులు మధ్యధరా పగడాలు తెచ్చారు. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ వీధి అలా మిగిలింది. ఆర్మీనియన్ వీధిలో ఆర్మీనియన్ల చర్చి ఉంది. ఫిలిప్పీన్స్‌లోని మనీలాతో వ్యాపారం చేసిన ఆర్మీనియన్ వర్తకుడు కోజా పెట్రస్ ఉస్కాన్ 1726లో సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కట్టించాడు. మనీలాకు వెండి మెక్సికో నుంచి ఓడల్లో వచ్చేది. స్పెయిన్ ఏలిన అమెరికా నుంచి వచ్చిన ఆ వెండిలో కొంత భాగం ఇప్పటి బొలీవియాలోని పొటోసి వంటి కొండ గనుల్లో అక్కడి ఆదివాసులు బలవంతపు చాకిరీతో తవ్వి తీసింది. 1688లో మొదలైన మద్రాసు కార్పొరేషన్ ఆల్డర్‌మెన్‌లలో, అంటే నగరసభ సభ్యుల్లో, ఇంగ్లీషువాళ్ల పక్కన యూదులు, పోర్చుగీసులు, చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న వంటి మన వర్తకులు కూర్చున్నారు. అప్పటికే ఇక్కడి వర్తకులు వాటాలు వేసుకుని ఉమ్మడి సంఘాలుగా కంపెనీకి బట్ట సరఫరా చేస్తున్నారు. 

వర్తకం మనుషులను కలుపుతుంది, కులాన్ని కరిగిస్తుంది అని చాలామంది రాస్తారు. మద్రాసు అంత తేలికైన జవాబు ఇవ్వదు. కంపెనీ కాంట్రాక్టు ఎవరికి దక్కాలన్న పోటీ, కులాలు కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలుగా చీలిన పాత తగాదాలో కలిసిపోయింది. కోమట్లు కుడిచేతి వైపు, బేరిశెట్లు ఎడమచేతి వైపు. ఏ వీధిలో ఎవరు ఉండాలి, ఏ వీధి గుండా ఎవరి పెళ్లి ఊరేగింపు పోవాలి అన్నదాని మీద గొడవలు. 1707లో గొడవ ముదిరి, కుడిచేతి వర్గంవాళ్లు ఊరు వదిలి శాంథోమ్‌కు వెళ్లిపోయారు. పని ఆగిపోయి గవర్నర్ థామస్ పిట్ తలపట్టుకున్నాడు. కారణం కష్టమైనది కాదు. దూరపు బేరంలో నమ్మకానికి కులమే పూచీగా ఉంది. ఎవరికి అప్పివ్వాలో, ఎవరి మాటకు ఎవరు హామీ పడాలో కులమే చెబుతోంది. కాబట్టి వ్యాపారం పెరిగినకొద్దీ కులానికి విలువ తగ్గలేదు, కొన్నాళ్లు పెరిగింది. ఈ రోజుకీ సౌకార్‌పేటలో, గోవిందప్పనాయకన్ వీధిలో కొన్ని బేరాలు కాగితం లేకుండా నడవడం వెనక ఉన్నది ఇదే. లోపలివాడికి అది వరం. బయటి నుంచి వచ్చి దుకాణం పెట్టాలనుకునే కుర్రాడికి అదే గోడ.

నేతగాళ్ల సంగతి చూస్తే నష్టం ఎవరి నెత్తిన పడిందన్న ప్రశ్న తేటగా కనిపిస్తుంది. కంపెనీ వర్తకుడికి అడ్వాన్సు ఇస్తుంది, వర్తకుడు నేతగాడికి ఇస్తాడు. ఆ డబ్బుతో నూలు, తిండి. 17, 18 శతాబ్దాల్లో చాలాకాలం నేతగాడికి ఒక బలం ఉండేది. ఇంకొకరు మంచి ధర ఇస్తే తీసుకున్న అడ్వాన్సు తిరిగిచ్చి ఒప్పందం నుంచి బయటపడొచ్చు. కొనడానికి ఇంగ్లీషువాడు, డచ్చివాడు, ఫ్రెంచివాడు, ఊరి వర్తకుడు అందరూ ఉన్నారు. నూలు ధర పెరిగితే పోగులు తగ్గించి నేసేవాడు. నచ్చకపోతే మగ్గం సర్దుకుని ఇంకో ఊరికి పోయేవాడు. అందుకే 1734లో గవర్నర్ మార్టన్ పిట్ నేతగాళ్లను నగరంలోనే నిలబెట్టుకోవాలని చింతాద్రిపేట కట్టించాడు. చిన్న మగ్గాల పేట. నేతగాళ్లకు, వడికేవాళ్లకు, అద్దేవాళ్లకు, గుడి పూజారులకు ఇళ్ల స్థలాలు. బతిమాలి తెచ్చుకోవాల్సిన పరిస్థితి అది.

కంపెనీ చేతికి రాజ్యం వచ్చాక ఆ పరిస్థితి తిరగబడింది. 1763లో చెంగల్పట్టు ప్రాంతం జాగీరుగా వచ్చింది. తర్వాత దశాబ్దాల్లో మధ్య వర్తకులను తప్పించి కంపెనీ గుమాస్తాలు నేరుగా నేతగాళ్లను పట్టుకున్నారు. ఇతరులకు అమ్మకూడదు. అడ్వాన్సు తిరిగిచ్చి తప్పుకునే దారి మూసుకుపోయింది. బాకీ ఉంటే సిపాయి వస్తాడు. బట్ట అదే, మగ్గం అదే, చేతి పని అదే. కొనేవాడి చేతికే కర్ర వచ్చింది, అంతే తేడా. మాంచెస్టర్ మిల్లులు మన నేతను చంపాయని చెప్పుకుంటాం, అది నిజం. మిల్లు బట్ట రాకముందే నేతగాడి బేరమాడే శక్తి పోయిందన్నదీ అంతే నిజం. రెండోదాన్ని మనం తగినంత చెప్పుకోలేదు.

ఆ మిల్లుల వెనకా మన బట్టే ఉంది. ఇంగ్లండు ఆడవాళ్లు మన అద్దకపు బట్టల మీద ఎంత మోజు పడ్డారంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట కొట్టినట్టయింది. 1700లోనే దిగుమతి మీద నిషేధం పెట్టారు. 1719లో లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో కాలికో అనే మన నూలుబట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు. 1721లో చాలారకాల కాలికో కట్టడాన్నే నిషేధించారు. ఆ గోడ చాటున వాళ్ల నూలు పరిశ్రమ పెరిగింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి తర్వాత మనకు పాఠాలు చెప్పిన దేశం ఎదిగిన తీరు ఇది.

అమ్ముడుపోని మన బట్ట ఎక్కడికి పోయింది? దాని జవాబు బాధ కలిగిస్తుంది. చాలా బట్ట పడమటి ఆఫ్రికా తీరానికి పోయింది. 18వ శతాబ్దంలో అక్కడ బానిసలను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలుబట్ట ముఖ్యమైనది. నేసినవాడికి అది తెలిసే అవకాశం లేదు. మరో వైపు మద్రాసు రుమాలు అనే గళ్ల బట్ట నైజర్ నది డెల్టాలోని కలబరి ప్రజల పుట్టుకలో, పెళ్లిలో, చావులో భాగమైపోయింది. ఆ రుమాళ్లను మన చీరాల నేతగాళ్లు 20వ శతాబ్దం దాకా నేశారు. ఒకే బట్ట, ఒకచోట మనిషి వెల, ఇంకోచోట పసిపిల్లను చుట్టే పొత్తిగుడ్డ.

బ్రిటిష్ సామ్రాజ్యంలో చాలా భాగంలో బానిసత్వం 1834లో రద్దయింది, చెరకు తోటలు మాత్రం ఆగలేదు. మనుషులు మద్రాసు రేవు నుంచే వెళ్లారు. ట్రూరో అనే ఓడ ఇక్కడి నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాకు వెళ్లిన మొదటి ఒప్పంద కూలీలు అందులో ఉన్నారు. ఆ తర్వాతి ఓడల్లో వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడ తెలుగువాళ్లమని చెప్పుకుంటారు. కరువుల్లో నష్టపోయినవాళ్లు, మగ్గం పోయినవాళ్లు, భూమి లేనివాళ్లు ఐదేళ్ల కాగితం మీద వేలిముద్ర వేశారు.

నమ్మకం ఇంకో రూపంలో కూలిన కథ కూడా మద్రాసుదే. పెద్ద ఇంగ్లీషు వ్యాపార సంస్థ అర్బత్‌నాట్ 1906 అక్టోబరులో దివాలా తీసింది. పింఛనుదారులు, వితంతువులు, చిన్న ఉద్యోగులు, దేవస్థానాలు దాచుకున్న డబ్బు పోయింది. దొర సంస్థ కదా అని నమ్మారు. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల జైలు శిక్ష పడింది. ఆ దెబ్బ నుంచే మన డబ్బును మనమే చూసుకోవాలని వి.కృష్ణస్వామి అయ్యర్ తదితరులు పూనుకుని 1907లో ఇండియన్ బ్యాంకును మొదలుపెట్టారు. పదేళ్ల తర్వాత కార్మికులు కూడా అదే దారిన నడిచారు. పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులకు చెల్వపతిశెట్టి, రామానుజులు నాయుడు తోడై, బి.పి.వాడియా నాయకత్వంలో 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. యంత్రం ఆగితే, జబ్బు చేస్తే ఎవరు మోయాలి అన్న పాత ప్రశ్నను వాళ్లు ఉమ్మడిగా అడిగారు. 1921 సమ్మెలో మాత్రం కులం అడ్డుపడింది. ఆది ద్రావిడ కార్మికులు ఒకవైపు, మిగతావాళ్లు మరోవైపు చీలి పుళియంతోపులో రక్తం చిందింది. మిల్లు గేటు లోపల ఒకటైన మనుషులు వాడలోకి వచ్చేసరికి ఒకటి కాలేకపోయారు.

ఈ చరిత్రంతా తెలిశాక చెన్నై కోయంబేడు టోకు కూరగాయల మార్కెట్‌లో నిలబడితే కళ్లు వేరేగా చూస్తాయి. 1996 దాకా ఈ బేరం జార్జిటౌన్ కొత్వాల్ చావడిలో నడిచేది. ఇప్పుడు తెల్లవారుజామున మదనపల్లె వైపు నుంచి టమాటా లారీలు ఇక్కడికే వస్తాయి. లారీ డ్రైవరు, హమాలీ, కమీషన్ ఏజెంటు, చిల్లర వర్తకుడు తమిళం, తెలుగు కలిపేసి మాట్లాడుకుంటారు. చాలామంది రైతులు విత్తనాలకు, మందులకు మండీ దగ్గరే అడ్వాన్సు తీసుకుంటారు. తీసుకున్నవాళ్లు పంటను ఆ మండీకే తేవాలి. ఈ ఏర్పాటును పూర్తిగా చెడ్డదనలేను. బ్యాంకు మెట్లెక్కలేని రైతుకు సమయానికి డబ్బు ఇచ్చేది అదే, దశాబ్దాల పరిచయం ఉన్న ఏజెంటు ఆపదలో ఆదుకున్న సందర్భాలూ ఉంటాయి. కానీ ధర కుప్పకూలిన రోజున లారీ కిరాయి ముందుగా తీసేస్తారు, దింపుడు కూలి తీసేస్తారు, కమీషన్ తీసేస్తారు, అడ్వాన్సులో కొంత తీసేస్తారు. మిగిలింది రైతుది. ఒక్కోసారి మిగలదు. గిడ్డంగి ఉంటే, ఇంకో మార్కెట్‌కు అమ్ముకునే వీలుంటే, అడ్వాన్సు తిరిగిచ్చి తప్పుకునే స్తోమత ఉంటే ఆ లెక్క మారుతుంది. 1734లో చింతాద్రిపేట నేతగాడికి కొనేవాళ్లు నలుగురు ఉన్నారు. మదనపల్లె రైతుకు ఇవాళ ఎంతమంది ఉన్నారన్నది ఆ రోజు టమాటా ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.